స్టెయిన్‌లెస్ షెఫ్ కత్తి: ఏం చూసి ఎంచుకోవాలి, ఎవరి చేత చేయించుకోవాలి

మంచి షెఫ్ కత్తి కొందామని బయలుదేరినవారికి మొదట ఎదురయ్యేవి అక్షరాలూ అంకెలూ. వీజీ-10, ఏఈబీ-ఎల్, 14సీ28ఎన్, ఎస్‌జీ2, మాగ్నాకట్ అంటూ ఉక్కు పేర్లు, వాటి పక్కన 58, 61, 63 అంటూ గట్టిదనపు అంకెలు, ఆపైన బ్లేడులో ఎన్ని పొరలున్నాయో చెప్పే మరో లెక్క. అంకె పెరిగేకొద్దీ కత్తి మంచిదవుతుందనీ, పేరు కొత్తదైతే మరీ మంచిదనీ అనుకోవడం సహజమే. అమ్మేవారికీ ఆ భాషే సులువు, ఎందుకంటే ఉక్కు పేరును పెట్టె మీద అచ్చు వేయవచ్చు గాని, అంచుకు కాస్త పైన బ్లేడు ఎంత పల్చగా ఉందో, దాన్ని కొలిమిలో ఎంత జాగ్రత్తగా కాచి చల్లార్చారో అచ్చు వేసి అమ్మడం కష్టం. ఉల్లిపాయ తరిగేటప్పుడు చేతికి తెలిసే తేడాలో ఎక్కువ భాగం మాత్రం ఈ రెండింటి నుంచే వస్తుంది. అందుకే ఒక కత్తిని ఎంచుకునేటప్పుడైనా, దాన్ని ప్రత్యేకంగా చేయించుకోవడానికి ఒక తయారీదారును వెతికేటప్పుడైనా, ముందు బ్లేడు ఆకారం, తర్వాత హీట్ ట్రీట్‌మెంట్ (ఉక్కును కాచి చల్లార్చే పద్ధతి), ఆ తర్వాతే ఉక్కు పేరు చూడాలన్నది నా అభిప్రాయం. ఇది మార్కెట్ చెప్పే వరసకు తలకిందులు కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

తుప్పు సంగతి

ఉక్కు బరువులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉండి, కార్బన్ 1.2 శాతానికి మించకపోతే దాన్ని స్టెయిన్‌లెస్ అనవచ్చునని యూరోపియన్ ప్రమాణం చెబుతుంది. ఆ క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, కొన్ని నానోమీటర్ల మందం మాత్రమే ఉండే ఆక్సైడ్ పొరగా ఉక్కును కప్పుతుంది. గీత పడినా, సాన పట్టినా, ఆక్సిజన్ అందుతున్నంత వరకూ ఆ పొర తనంతట తానే మళ్లీ ఏర్పడుతుంది. 1913లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ, తుపాకీ గొట్టాలు లోపల త్వరగా అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతూ, సుమారు 12.8 శాతం క్రోమియం, 0.24 శాతం కార్బన్ ఉన్న మిశ్రమాన్ని పోత పోయించాడు. అది చివరికి భోజనపు బల్ల మీది కత్తులకు పనికొచ్చింది. అయితే అక్కడి కత్తుల తయారీదారులు దాన్ని వెంటనే మెచ్చుకోలేదు. తుప్పు పట్టదు నిజమే గాని ఈ కత్తి తెగదు అని వెక్కిరించారు. తమకు అలవాటైన కార్బన్ ఉక్కును కాచినట్టే దాన్నీ కాచి చల్లార్చితే ఫలితం అలాగే వచ్చేది. స్టెయిన్‌లెస్ పదును నిలవదన్న మాట ఇప్పటికీ వంటవాళ్ల నోట వినిపిస్తుంది. మంచి ఉక్కు, సరైన హీట్ ట్రీట్‌మెంట్ కలిసిన నేటి కత్తులకు ఆ మాట వర్తించదు.

అసలు చిక్కు కార్బన్‌తో వస్తుంది. ఉక్కును గట్టిపరిచేది కార్బనే, కానీ క్రోమియాన్ని తనతో కట్టేసుకుని కార్బైడ్లు అనే గట్టి రేణువులుగా మారిపోయేదీ అదే. కార్బైడ్‌లో చిక్కుకున్న క్రోమియం తుప్పును ఆపడానికి పనికిరాదు, ఉక్కులో కరిగి ఉన్న భాగం మాత్రమే కాపాడుతుంది. అందువల్ల పెట్టె మీద రాసిన శాతం చూసి తుప్పును అంచనా వేయలేము. డీ2 అనే ఉక్కులో 12 శాతం దాకా క్రోమియం ఉంటుంది, అంటే క్రోమియం లెక్కలో గీత దాటినట్టే, కానీ ఒకటిన్నర శాతం కార్బన్ అందులో పెద్ద వాటాను లాగేసుకోవడం వల్ల నిమ్మరసం తగిలిన డీ2 కత్తిని అలాగే వదిలేస్తే మచ్చలు పడతాయి. మాగ్నాకట్‌లో ఉన్నది 10.7 శాతమే, అయినా అది వంటింటి కత్తులలో తుప్పును బాగా తట్టుకునే వాటిలో ఒకటి, ఎందుకంటే దాని కూర్పులోనే క్రోమియం కార్బైడ్లు దాదాపు ఏర్పడకుండా చూశారు.

స్టెయిన్‌లెస్ చెంచా, స్టెయిన్‌లెస్ కత్తి ఒకే జాతి కావన్నది కూడా గుర్తుంచుకోవాలి. 18/10 అని ముద్ర ఉన్న చెంచాలలో 18 శాతం క్రోమియం, 10 శాతం నికెల్ ఉంటాయి. ఆ ఉక్కును ఎంత కాచి చల్లార్చినా గట్టిపడదు. కత్తికి వాడేది కాచి గట్టిపరచగల ఉక్కు, అయస్కాంతానికి అంటుకునే ఉక్కు, కాబట్టి తుప్పు విషయంలో చెంచాకు ఉన్నంత నిశ్చింత కత్తికి ఉండదు. ఉప్పునీటిలో నానబెట్టినా, తడిగా ఒరలో దూర్చి ఉంచినా, డిష్‌వాషర్‌లో వేడి నీటికీ రసాయనాలకూ వదిలినా చుక్కలు చుక్కలుగా గుంటలు పడవచ్చు. కడిగి, తుడిచి పెట్టడం మించిన పోషణ దానికి అవసరం లేదు, కానీ ఆ మాత్రం అవసరమే.

ఉక్కు రకాలు, వాటి మధ్య నిజమైన తేడా

జర్మనీలోని జోలింగెన్ కర్మాగారాలు ఎక్కువగా వాడే ఎక్స్50సీఆర్‌ఎంఓవీ15లో సుమారు అర శాతం కార్బన్, 15 శాతం క్రోమియం ఉంటాయి. రాక్‌వెల్ అనే గట్టిదనపు కొలతపై 55 నుంచి 58 దాకా గట్టిపరుస్తారు. ఇది విరగదు, పెచ్చులూడదు, అంచు మెల్లగా ఒక పక్కకు వాలుతుంది. వాలిన అంచును స్టీలు కడ్డీ మీద నాలుగుసార్లు రాస్తే నిలబడుతుంది. రోజంతా ఎవరెవరి చేతుల్లోనో నలిగే పెద్ద వంటశాలల్లో ఇలాంటి కత్తులే ఎక్కువగా కనిపించడానికి కారణం పొదుపు ఒక్కటే అనుకుంటే పొరపాటు. అక్కడ గట్టి కత్తి కన్నా తప్పును క్షమించే కత్తి ముఖ్యం.

దానికి పై మెట్టులో ఏఈబీ-ఎల్, 13సీ26, 14సీ28ఎన్ అనే స్వీడన్ ఉక్కులున్నాయి. మొదటి రెండూ గడ్డం గీసే బ్లేళ్ల కోసం పుట్టినవి. ఏఈబీ-ఎల్‌లో సుమారు 0.67 శాతం కార్బన్, 13 శాతం క్రోమియం. 14సీ28ఎన్‌లో కార్బన్ కొంత తగ్గించి ఆ చోట 0.11 శాతం నైట్రోజన్ చేర్చారు, దాంతో తుప్పును తట్టుకునే శక్తి పెరిగింది. వీటిలో కార్బైడ్ రేణువులు కొద్దిగా, చాలా చిన్నవిగా ఉంటాయి కాబట్టి, 60 నుంచి 62 దాకా గట్టిపరిచి అంచును చాలా పల్చగా దిద్దినా పెచ్చులూడదు, మామూలు సానరాయి మీద తేలిగ్గా పదునెక్కుతుంది. మెరిసే పేరు లేకపోవడం వల్ల వీటిని చౌక ఉక్కుగా కొట్టిపారేసేవారున్నారు. వంటింటి కత్తికి ఇంతకన్నా అమరే స్టెయిన్‌లెస్ ఉక్కులు కొన్నే ఉన్నాయని నేను అంటాను.

జపాన్ కర్మాగారాల ద్వారా ప్రపంచమంతా తెలిసిన వీజీ-10లో ఒక శాతం కార్బన్, 15 శాతం క్రోమియం, కొంత కోబాల్ట్ ఉంటాయి. బాగా కాస్తే పదును చాలాకాలం నిలుస్తుంది. కాచడంలో అజాగ్రత్త జరిగితే మాత్రం అంచు పెళుసై పెచ్చులూడడం, సాన పట్టేటప్పుడు అంచున ఏర్పడే సన్నటి లోహపు మడత, అంటే బర్, ఎంతకీ వదలకపోవడం జరుగుతాయి. ఒకే ఉక్కుకు ఒకరి చేతిలో మంచి పేరు, మరొకరి చేతిలో చెడ్డ పేరు ఎలా వస్తాయో చూడాలంటే వీజీ-10ను మించిన ఉదాహరణ లేదు.

ఇక పౌడర్ ఉక్కులు. కరిగిన ఉక్కును వాయువుతో చిమ్మి పొడిగా మార్చి, ఆ పొడిని డబ్బాలో మూసి, అధిక వేడిలో అన్ని వైపుల నుంచీ అదిమి మళ్లీ ఘనంగా చేస్తారు. పెద్ద ముద్దగా నెమ్మదిగా చల్లారేటప్పుడు కార్బైడ్లు గుంపులు కట్టే అవకాశం ఇందులో ఉండదు, అవి చిన్నవిగా సమానంగా పరుచుకుంటాయి. ఎస్‌జీ2, సీపీఎం-154 ఇలా చేసినవే. మాగ్నాకట్ కూడా అంతే. దీన్ని లోహ శాస్త్రవేత్త ల్యారిన్ థామస్ రూపొందించగా క్రూసిబుల్ సంస్థ 2021లో మార్కెట్‌లోకి తెచ్చింది. దానిలో 4 శాతం వెనేడియం, 2 శాతం నియోబియం ఉంటాయి. ఆ లోహాల కార్బైడ్లు మామూలు సానరాయిలోని అల్యూమినియం ఆక్సైడ్ కన్నా గట్టివి, కాబట్టి ఇలాంటి కత్తి కొనేవారు డైమండ్ రాయి కూడా కొనుక్కోవలసి రావచ్చు. ఈ సంగతి అమ్మేవారు చెప్పడం అరుదు.

పదును ఎంతకాలం నిలుస్తుందో కొలిచే పరీక్షల గురించి ఇక్కడే ఒక మాట. ఐఎస్‌ఓ 8442-5 ప్రమాణం ప్రకారం చేసే పరీక్షలో సిలికా, అంటే ఇసుక జాతి రేణువులు, కలిపిన ప్రత్యేకమైన కాగితపు అట్టను కత్తి చేత పదేపదే కోయిస్తారు. ఆ రేణువుల మీద అరుగుదలను తట్టుకునే ఉక్కు, అంటే గట్టి కార్బైడ్లు దండిగా ఉన్న ఉక్కు, సహజంగానే ముందుంటుంది. పరీక్ష తప్పని చెప్పడం లేదు. కానీ కూరగాయల్లో ఇసుక ఉండదు. వంటింట్లో అంచు చెడేది ఎక్కువగా కోత పలకకు తగిలి వాలిపోవడం వల్ల, సూక్ష్మంగా పెచ్చులూడడం వల్ల, పులుపు తినేయడం వల్ల. అంచు నిలకడ, అరుగుదలను తట్టుకోవడం ఒకటి కావు. మొదటిదానికి సన్నటి రేణువులున్న ఉక్కూ సరిపడా గట్టిదనమూ కావాలి, రెండోదానికి కార్బైడ్లు కావాలి. పరీక్షల పట్టికలో కింద కనిపించే ఏఈబీ-ఎల్ కత్తి పలక మీద మర్యాదగా పనిచేయడం వెనుక ఉన్న రహస్యం ఇదే.

33 పొరలు, 67 పొరలు అని చెప్పే డమాస్కస్ బ్లేడుల విషయం త్వరగా ముగించవచ్చు. చాలా కర్మాగారాల కత్తుల్లో ఆ పొరలు రెండు పక్కలా తొడిగిన అలంకారం. కోసేది నడుమనున్న ఒక్క పొర. అందం నచ్చితే కొనవచ్చు, పదును కోసమని అనుకుని కొనకూడదు.

కొలిమిలో జరిగేది

ఒకే ఉక్కు పలకను రెండు ముక్కలు చేసి ఇద్దరికి ఇస్తే రెండు వేర్వేరు కత్తులు రావచ్చు. ఏఈబీ-ఎల్‌ను తీసుకుంటే, గాలి తగలకుండా స్టెయిన్‌లెస్ రేకులో చుట్టి సుమారు 1,050 నుంచి 1,080 డిగ్రీల సెల్సియస్ దాకా కాచి, కొన్ని నిమిషాలు అదే వేడిలో ఉంచి, వెంటనే రెండు అల్యూమినియం పలకల మధ్య బిగించి చల్లార్చుతారు. వేడి తక్కువైతే కార్బైడ్లు తగినంతగా కరగవు, కార్బన్ విడుదల కాక గట్టిదనం రాదు, క్రోమియం విడుదల కాక తుప్పూ ఆగదు. వేడి ఎక్కువైతే చల్లార్చిన తర్వాత కూడా ఉక్కులో కొంత భాగం మార్పు చెందకుండా మెత్తగా మిగిలిపోతుంది, ఉక్కులోని స్ఫటికాలు పెరిగి పెళుసుదనం వస్తుంది. ఆ మెత్తటి భాగాన్ని తగ్గించడానికే జాగ్రత్త గల తయారీదారులు బ్లేడును మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచుతారు. ఆ తర్వాత 150 నుంచి 200 డిగ్రీల దగ్గర రెండుసార్లు మళ్లీ వేడి చేసి, అంటే టెంపరింగ్ చేసి, పెళుసుదనం తీస్తారు. కొన్ని ఉక్కులను 500 డిగ్రీల దగ్గర టెంపర్ చేసినా గట్టిదనం వస్తుంది, కానీ ఆ వేడిలో క్రోమియం మళ్లీ కార్బైడ్లలోకి వెళ్లిపోయి తుప్పును తట్టుకునే శక్తి పడిపోతుంది. వంటింటి కత్తికి అది నష్టపు బేరం.

రాక్‌వెల్ సీ కొలతలో వజ్రపు మొనను 150 కిలోల బరువుతో ఉక్కులోకి అదిమి, అది ఎంత లోతుకు దిగిందో చూస్తారు. అంటే ఆ అంకె గుంట పడకుండా తట్టుకునే శక్తిని మాత్రమే చెబుతుంది. పెచ్చులూడుతుందా, తుప్పు పడుతుందా, కొలిమిలో ఏ పొరపాటైనా జరిగిందా అన్నవి ఆ అంకెలో కనిపించవు. రెండు దారుల్లో 61కి చేరిన రెండు బ్లేడులు రెండు రకాలుగా ప్రవర్తించగలవు. కొలతలోనే ఒక పాయింటు అటూ ఇటూ తేడా ఉంటుంది కాబట్టి 60-62 అని చెప్పే తయారీదారు, కచ్చితంగా 61.5 అని చెప్పే ప్రకటన కన్నా నమ్మదగినవాడు.

కొలిమి తర్వాత కూడా ప్రమాదం ఉంది. గట్టిపరిచిన బ్లేడును బెల్టు మీద అరగదీసేటప్పుడు, కాగితం మందం కూడా లేని అంచు క్షణంలో వేడెక్కి, ఆ కొద్ది మేర టెంపర్ పోగొట్టుకుంటుంది. కొత్త కత్తి పదును వారంలోపే పోవడం, రాయి మీద రెండు మూడుసార్లు సాన పట్టిన తర్వాత అదే కత్తి చక్కగా నిలవడం చాలామంది చూసే ఉంటారు. వేడికి పాడైన ఆ పలుచని పట్టీ సానలో పోయి, కింద ఉన్న అసలు ఉక్కు బయటపడడమే కారణం. అందువల్ల కొత్త కత్తి మీద తీర్పు చెప్పడానికి కొంత ఆగడం మంచిది.

ఆకారం: చేతికి తెలిసేది ఇదే

ఒక లావుపాటి క్యారట్‌ను అడ్డంగా కోస్తున్నప్పుడు గమనించండి. మొదటి రెండు మూడు మిల్లీమీటర్లు కోసేది అంచు. అక్కడి నుంచి కిందికి దిగుతున్నకొద్దీ క్యారట్‌ను రెండు పక్కలకూ నెట్టేది బ్లేడు మందం. బ్లేడు లావుగా ఉంటే, అంచు ఎంత పదునుగా ఉన్నా, సగం దిగాక క్యారట్ 'టక్'మని పగిలి ముక్క ఎగిరిపడుతుంది, కోసిన ముఖం నున్నగా కాక గరుకుగా ఉంటుంది. పల్చటి బ్లేడు చప్పుడు లేకుండా అడుగు దాకా దిగుతుంది. ఈ తేడాను ఏ ఉక్కు పేరూ తేలేదు.

దీన్ని కొలవడానికి తయారీదారులు అంచు వెనక మందం అనే కొలత వాడతారు, అంటే పదును వాలు ముగిసి బ్లేడు ముఖం మొదలయ్యే చోట కాలిపర్‌తో తీసే మందం. 0.2 మిల్లీమీటర్ల దగ్గరుంటే అది చాలా చురుకైన కత్తి, కాని ఎముక తగిలితే దెబ్బతింటుంది. అర మిల్లీమీటరు దాటితే మొరటు పనులకు ఓర్చుకుంటుంది, గట్టి కూరగాయను మాత్రం చీలుస్తుంది. కర్మాగారాలు కొంత మందం వదలడానికి కారణం లేకపోలేదు: విరిగి తిరిగొచ్చే కత్తులు వాళ్లకు నష్టం, కత్తి ఎవరి చేతికి వెళ్తుందో వాళ్లకు తెలియదు. ప్రత్యేకంగా చేయించుకునే కత్తిలో అసలు లాభం ఇక్కడే ఉంది, ఎందుకంటే చేసేవారికి వాడేవారెవరో తెలుసు.

పదును కోణం కూడా ఇలాంటిదే. ఒకప్పుడు పాశ్చాత్య కత్తులకు ఒక్కో పక్క 20 డిగ్రీల దాకా ఉండేది. ఇప్పుడు జోలింగెన్ కంపెనీలే 14, 15 డిగ్రీలకు వచ్చాయి. కోణం తగ్గితే కోత తేలికవుతుంది, ఉక్కు భరించగలిగితే పదును నిలిచే కాలమూ పెరుగుతుంది. భరించలేని మెత్తటి ఉక్కులో అంచు వాలిపోతుంది, పెళుసు ఉక్కులో రాలిపోతుంది. ఉక్కుకూ హీట్ ట్రీట్‌మెంట్‌కూ నిజమైన విలువ ఎక్కడుందంటే ఇక్కడ: ఎంత పల్చటి ఆకారాన్ని మోయగలవో నిర్ణయించేది అవే.

పల్చదనమొక్కటే లక్ష్యమైతే మరో ఇబ్బంది వస్తుంది. రెండు ముఖాలూ పూర్తిగా చదునుగా, నున్నగా ఉన్న బ్లేడుకు బంగాళదుంప ముక్క తడి కాగితంలా అతుక్కుని వదలదు. ముఖం కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటే ముక్క జారిపడుతుంది, కాని ఆ ఉబ్బుకు పైన కొంత ఉక్కు మిగలాలి. అంచు దగ్గర పల్చన, మధ్యలో మెల్లటి ఉబ్బు, వెన్ను (అంచుకు ఎదురుగా ఉండే పై భాగం) మడమ (పిడి వైపు బ్లేడు చివర) దగ్గర రెండున్నర మూడు మిల్లీమీటర్లుండి మొన చేరేసరికి ఒక మిల్లీమీటరుకు తగ్గడం: ఇవన్నీ ఒకే బ్లేడులో కుదరడం చేతి నైపుణ్యం. ఇద్దరు తయారీదారుల మధ్య ధరలో కనిపించే తేడాకు నిజమైన కారణం ఉంటే అది ఇదే కావాలి.

అంచు వంపు విషయంలో జర్మన్ ఆకారం మొనవైపు బాగా పైకి లేస్తుంది, పలక మీద ఊపుతూ తరిగేవారికి హాయి. ఫ్రెంచ్ ఆకారం, దానికి దగ్గరగా ఉండే గ్యూటో అనే జపనీస్ షెఫ్ కత్తి చదునుగా ఉంటాయి, ముందుకు తోస్తూ లేదా వెనక్కి లాగుతూ కోసేవారికి సరిపోతాయి. పొడవు 210 మిల్లీమీటర్లు చాలా ఇళ్లకు చాలు, పలక పెద్దదైతే 240 హాయిగా ఉంటుంది. మడమ దగ్గర ఎత్తు 45 నుంచి 55 మిల్లీమీటర్లుండాలి, లేకపోతే వేళ్ల కణుపులు పలకకు కొట్టుకుంటాయి. పిడికీ బ్లేడుకూ మధ్య అంచు దాకా దిగే లావుపాటి ఉక్కు దిమ్మె ఉన్న కత్తిని నేను ఎంచుకోను. సాన పడుతున్నకొద్దీ మిగతా అంచు అరిగి, అరగని ఆ దిమ్మె పలకకు ముందు తగులుతుంది. దాని పక్కన అంచుకూ పలకకూ మధ్య సందు పడి ఉల్లికాడలు తెగకుండా గొలుసులా వేలాడతాయి.

చేసేవారిని వెతకడం

కస్టమ్ అన్న మాట కింద మూడు రకాల పని నడుస్తుంది. కొందరు మీరు చెప్పిన కొలతలతో ఒక్క కత్తి చేస్తారు. కొందరు తమ సొంత నమూనాను పది, పదిహేను చొప్పున చేసి, పిడి, పొడవు వంటివి మాత్రం ఎంచుకోనిస్తారు. ఇంకొందరు వేరేచోట తయారైన బ్లేడుకు పిడి బిగించి తమ ముద్ర వేస్తారు. మూడోది మోసమని కాదు, చెప్పకపోతే మోసం. ఇక అన్నీ ఒక్కరే చేస్తే మంచిదన్న నమ్మకానికి పెద్ద ఆధారం లేదు. జపాన్‌లోని సకాయ్‌లో బ్లేడు సాగగొట్టేవారు ఒకరు, దిద్ది పదును పెట్టేవారు ఒకరు, పిడి బిగించేవారు మరొకరు. తరతరాలుగా ఆ పద్ధతిలోనే అక్కడ గొప్ప కత్తులు వస్తున్నాయి.

సుత్తితో సాగగొట్టిన కత్తే అసలు కత్తి అన్న అభిప్రాయాన్నీ స్టెయిన్‌లెస్ విషయంలో పక్కన పెట్టాలి. ఆధునిక స్టెయిన్‌లెస్ ఉక్కు చక్కగా రోలింగ్ అయిన పలకల రూపంలో వస్తుంది. దాన్ని కొలిమిలో కొట్టడం వల్ల గుణం పెరగదు, అజాగ్రత్తగా కొడితే తగ్గవచ్చు. అందుకే ఎక్కువమంది పలకను ఆకారానికి కోసి, అరగదీసి చేస్తారు. హీట్ ట్రీట్‌మెంట్‌ను వాక్యూమ్ ఫర్నేసులున్న ప్రత్యేక సంస్థకు పంపడం కూడా చిన్నతనం కాదు, చాలామంది చేతిలో అది మెరుగైన నిర్ణయమే.

వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి? అమెరికాలో 1970 నాటి నైఫ్‌మేకర్స్ గిల్డ్, 1976లో మొదలైన అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ తమ సభ్యుల జాబితాలు ఉంచుతాయి. అట్లాంటాలో ఏటా జరిగే బ్లేడ్ షో వంటి ప్రదర్శనల్లో కత్తిని చేతిలోకి తీసుకుని చూడవచ్చు. అయితే ఆ సొసైటీ మాస్టర్ స్మిత్ బిరుదుకు పెట్టే పరీక్షలో వేలాడే తాడును ఒక్క వేటుతో తెంచాలి, కొయ్యను నరకాలి, ఆ తర్వాత కూడా వెంట్రుకలు గొరగాలి, చివరికి అదే బ్లేడు 90 డిగ్రీలు వంగినా విరగకూడదు. అది సుత్తితో సాగగొట్టిన కత్తికి పెట్టే పరీక్ష. ఆ బిరుదు గొప్ప నేర్పుకు గుర్తే, కాని స్టెయిన్‌లెస్ వంటింటి కత్తిని ఎంత పల్చగా దిద్దగలరో అది చెప్పదు. వేట కత్తులు చేసి పేరు తెచ్చుకున్నవారు అలవాటు కొద్దీ నాలుగు మిల్లీమీటర్ల మందంతో వంటింటి కత్తి చేయడం తరచుగా కనిపిస్తుంది. కాబట్టి వంటింటి కత్తులే ప్రధానంగా చేసేవారిని చూడాలి. బాబ్ క్రేమర్ మొదలు ఆ రంగంలో పేరున్నవారి కత్తులు దొరకడం కష్టం; కాని అంతగా పేరు లేనివారిలోనూ శ్రద్ధ గలవారు చాలామంది ఉన్నారు. చిన్న తయారీదారుల కత్తులు నిల్వ ఉంచే ప్రత్యేక దుకాణాలు, వాడిన కత్తుల మారకపు మార్కెట్ కూడా మంచి దారులు. ఒకరి కత్తులు కొద్ది నెలల్లోనే పదేపదే అమ్మకానికి వస్తుంటే, ఎందుకని ఆలోచించాలి.

ఫోటోల్లో ముందు చూడవలసింది పిడి చెక్క మెరుపు కాదు. మడమ వైపు నుంచి బ్లేడు అడ్డుకోత కనిపించేలా తీసిన ఫోటో అడగండి. వెన్ను నుంచి అంచు దాకా లోహం ఎలా సన్నబడుతోందో అందులో తెలుస్తుంది, అంచుకు పైన భుజంలా లావు కనిపిస్తే వెనక్కి తగ్గవచ్చు. ఆ ఒక్క ఫోటో కూడా మడమ చోటే చూపుతుంది కాబట్టి, అంచు వెనక మందం మడమ, నడుమ, మొన దగ్గర ఎంతో, బరువెంతో, తూకం ఎక్కడ నిలుస్తుందో కూడా అడగాలి. హీట్ ట్రీట్‌మెంట్ ఎవరు చేస్తారు, గట్టిదనాన్ని ఎలా పరీక్షిస్తారు అన్న ప్రశ్నకు తడుముకోకుండా వచ్చే జవాబు, ఉక్కు గొప్పతనం మీద ఇచ్చే ఉపన్యాసం కన్నా విలువైనది. రహస్య పద్ధతి అనే మాట వినిపిస్తే జాగ్రత్తపడండి. ఈ ఉక్కుల ఉష్ణోగ్రతలను వాటిని తయారుచేసే కంపెనీలే ప్రచురిస్తాయి.

ఆర్డరు ఇచ్చేటప్పుడు ఉక్కు పేరుతో మొదలుపెట్టవద్దు. ఏం తరుగుతారు, ఊపుతూ తరుగుతారా తోస్తూ తరుగుతారా, పలక చెక్కదా ప్లాస్టిక్‌దా, వేరెవరైనా ఈ కత్తి ముట్టుకుంటారా, సాన మీరే పడతారా అన్నవి రాయండి. ఎడమచేతి వాటమైతే తప్పక చెప్పండి, ఎందుకంటే చాలా బ్లేడుల ముఖాలు కుడిచేతికి అనుకూలంగా అసమానంగా దిద్ది ఉంటాయి. '225 మిల్లీమీటర్ల పొడవు, 50 ఎత్తు, 200 గ్రాములకు మించని బరువు, అంచు వెనక 0.25 దగ్గర, ఎముకలు కోయను, వెన్నూ మడమ మూలా గుండ్రంగా నునుపు చేయాలి' అన్న నాలుగు ముక్కలు చేసేవారికి ఎంతో చెబుతాయి. దానికి తగిన ఉక్కును వాళ్లు రోజూ కాచే వాటిలోంచి ఎంచనివ్వండి. అలవాటైన ఏఈబీ-ఎల్‌తో వందల కత్తులు చేసినవారి చేత మొదటిసారి మాగ్నాకట్ కాయించడంలో లాభం లేదు.

ఈ కొలతలు మీకే తెలియకపోతే ఇంకా చేయించుకునే సమయం రాలేదన్నమాట. ముందు ఒక మంచి కర్మాగారపు కత్తి కొని కొన్ని నెలలు వాడితే, అందులో నచ్చనిదేమిటో చేతికి తెలుస్తుంది, ఆ నచ్చనివాటి జాబితాయే ఆర్డరు. చాలామందికి ఆ కత్తిని సాన పట్టేవారికిచ్చి ముఖాలు పల్చన చేయించుకోవడంతోనే సమస్య తీరిపోతుంది.

డబ్బు విషయంలో ఒక్క నియమం చాలు. నెలలు, ఒక్కోసారి ఏళ్లు నిరీక్షించవలసిన పనికి మొత్తం సొమ్ము ముందుగా ఇవ్వకూడదు. ఒక్కరే నడిపే వర్క్‌షాపులో ఆ ఒక్కరికి జబ్బు చేయవచ్చు, వర్క్‌షాపు మూతపడవచ్చు. బయానా తక్కువగా తీసుకుని, లేదా అసలు తీసుకోకుండా, మీ వంతు వచ్చాక మిగతా మాట మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. గడువు జారడం ఈ వృత్తిలో మామూలే, జారిందని ముందుగా చెప్పకపోవడం మామూలుగా తీసుకోకూడదు. కత్తి సరిహద్దులు దాటి రావలసి ఉంటే కస్టమ్స్ సుంకం, కత్తుల రవాణా నిబంధనలు ముందే కనుక్కోండి.

చివరగా తయారీదారును అడగవలసిన ప్రశ్న ఒకటుంది: కొన్నేళ్ల తర్వాత దీన్ని మళ్లీ పల్చన చేసి ఇస్తారా? బ్లేడు పైకి పోయేకొద్దీ మందం పెరుగుతుంది, సాన పట్టిన ప్రతిసారీ అంచు కొద్ది కొద్దిగా ఆ మందంలోకి పాకుతుంది. 0.2తో మొదలైన కత్తి కొన్నేళ్లకు 0.4కు చేరి, పదును ఉన్నా క్యారట్‌ను పగలగొట్టడం మొదలుపెడుతుంది. ముఖాలను రాయి మీద అరగదీసి పాత కొలతకు తేవడం ఎవరైనా నేర్చుకోగల పనే, అయితే ఓపిక కావాలి, బ్లేడు నిండా గీతలు పడతాయి. తాము దిద్దిన వంపు తమకే తెలుసు కాబట్టి కొందరు తయారీదారులు తమ కత్తులకు ఈ పని నామమాత్రపు రుసుముతో చేసిపెడతారు, ఆర్డరు ఇచ్చే రోజే ఈ మాట రాతలో తీసుకోవడం తేలిక.